చీకట్లో చెప్పిన ప్రేమ ఎవరికి వినపడింది?

పోయిన నెల ఈ పేజీలో యంగ్ అడల్ట్ ప్రేమ నవలల గురించి, అందులోనూ రకరకాల మనుషులు కలిసి కనిపించే కథల గురించి నాలుగు మాటలు రాశాను. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు చీవాట్లు పెట్టారు, ఒకమ్మాయి అయితే తను రాస్తున్న నవలలోంచి ఏకంగా ఒక సీనే పంపించింది. అన్నిటికీ జవాబు రాయడం కుదరదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నాను. పేర్లు వద్దన్నారు, వేయడం లేదు.

ప్రశ్న: యంగ్ అడల్ట్ నవల అంటే పిల్లల పుస్తకమా, పెద్దవాళ్ల పుస్తకమా? నాకు నలభై ఆరేళ్లు. మా అబ్బాయి అల్మారాలోంచి దొంగతనంగా తీసుకుని చదివేస్తున్నాను. చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

జవాబు: సిగ్గెందుకండీ! తిరిగి పెట్టేటప్పుడు మీ అబ్బాయి పేజీల మధ్య పెట్టుకున్న గుర్తు కాగితం మాత్రం కదపకండి, దొరికిపోతారు.

అమెరికాలో లైబ్రేరియన్లు వీటిని 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల పుస్తకాలుగా లెక్కేస్తారు గానీ, కొని చదివే పెద్దవాళ్లు బోలెడుమంది. వయసు సంగతి అలా ఉంచండి, అసలు తేడా ఇంకోచోట ఉంది. పదిహేడేళ్ల పిల్ల ప్రేమకథని పెద్దవాళ్ల నవల చెబితే, ఎక్కడో వెనకాల ఒక నలభై ఏళ్ల గొంతు వినపడుతూనే ఉంటుంది, ‘అప్పట్లో ఎంత పిచ్చిదాన్నో’ అంటూ. యంగ్ అడల్ట్ నవలలో ఆ గొంతు ఉండదు. ఆ పిల్లకి రేపేమవుతుందో తెలియదు. అవతలివాడు ఏదో టైప్ చేస్తున్నట్టు ఫోన్‌లో మూడు చుక్కలు ఆడి, ఆగిపోయి, మళ్లీ ఆడి, చివరికి ‘సరే’ అని ఒక్క ముక్క వస్తుంది, ఆ ‘సరే’ గురించి రెండు పేజీలు నడుస్తాయి. కోపంగా అన్నాడా, మామూలుగా అన్నాడా, చివర చుక్క ఎందుకు పెట్టాడు అని. మనకి నవ్వొస్తుంది, ఆ పిల్లకి రాదు. ఆ రెండు పేజీలూ మీరు నవ్వకుండా చదవగలిగితే ఆ పుస్తకం మీకోసం రాసిందే.

ఇక ఈ నవలల్లో కొన్నిటికి ముందు తగిలించే ‘కంటెంపరరీ’ అనే మాట ఉందే, దానికి అర్థం ఇప్పటి కాలం కథ, డ్రాగన్లూ రాజ్యాలూ రక్తపిశాచాలూ లేకుండా. ఇదేం నిన్నమొన్నటి వేషం కాదు. మౌరీన్ డేలీ కాలేజీలో చదువుకుంటూ రాసిన ‘సెవెంటీన్త్ సమ్మర్’ 1942లో వచ్చింది. వేసవి సెలవులు, ఒక అమ్మాయి, మొదటి ప్రేమ, అంతే కథ.

ప్రశ్న: అక్కా, నేను ఈమధ్య చదివిన నవలలో ఒక నల్లజాతి అమ్మాయి, ఒక కొరియన్ అబ్బాయి, హిజాబ్ కట్టుకునే స్నేహితురాలు, వీల్‌చెయిర్‌లో ఒకబ్బాయి, అందరూ ఉన్నారు. పుస్తకం మూసేశాక ఒక్కరూ గుర్తు లేరు. ‘డైవర్స్ కాస్ట్’, అంటే రకరకాల నేపథ్యాల పాత్రలు, అని అందరూ పొగిడేది ఇదేనా? నాకు పంతొమ్మిదేళ్లు.

జవాబు: కాదమ్మా, అది హాజరు పట్టీ. టీచరు పేరు పిలిస్తే ఒక్కొక్కరూ లేచి ‘ప్రెజెంట్’ అని కూర్చున్నారు, ఆ తర్వాత పాఠమంతా హీరో హీరోయిన్లదే.

అసలీ గొడవ ఎక్కణ్ణించి వచ్చిందో చెబుతాను, అప్పుడు నీకు ఎందుకు విసుగొచ్చిందో నీకే తెలుస్తుంది. 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త అమెరికాలో ‘సాటర్‌డే రివ్యూ’ పత్రికకి ఒక వ్యాసం రాసింది, పిల్లల పుస్తకాల్లో ఎక్కడ చూసినా తెల్లవాళ్ల లోకమే అని. ఆ వ్యాసం మొదట్లో ఒక ఐదేళ్ల నల్లజాతి పాప ఉంటుంది. బొమ్మల పుస్తకం చూస్తూ చూస్తూ, ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారు అని అడుగుతుంది. తిట్టలేదు, ఏడవలేదు, ఊరికే అడిగింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1985లో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని పిల్లల పుస్తకాల కేంద్రం వాళ్లు లెక్క తీస్తే, ఆ ఏడాది అమెరికాలో వచ్చిన సుమారు 2,500 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి రచయితలో చిత్రకారులో చేసినవి 18. పద్దెనిమిది వందలు కాదు, పద్దెనిమిది.

1990లో రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికన్ విద్యావేత్త ఒక చిన్న వ్యాసం రాసింది. పుస్తకం ఒకరికి అద్దం, ఇంకొకరికి కిటికీ, ఒక్కోసారి జరిపి లోపలికి అడుగుపెట్టగలిగే గాజు తలుపు అని. ఈ మాట ఇప్పుడు అరిగిపోయింది, ఎవరు మాట్లాడినా అద్దాలూ కిటికీలూ అంటున్నారు. అయితే ఆవిడ అందులోనే ఇంకో మాట కూడా అంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అద్దం దొరకని పిల్లలకి నష్టం, సరే. అద్దాలే తప్ప కిటికీ దొరకని పిల్లలకీ నష్టమేనట. తమలాంటివాళ్లనే చూసి చూసి లోకమంతా తామే అనుకుంటారు కాబట్టి. నాకు ఆ మాటే ఎక్కువ నచ్చింది.

2014లో ఒక పెద్ద పుస్తకాల వేడుకకి పిల్లల రచయితల వేదిక ప్రకటించి, అందులో అందరూ తెల్లవాళ్లని, అందరూ మగవాళ్లని పెట్టారు. దాని మీద మొదలైన గోలే ‘వి నీడ్ డైవర్స్ బుక్స్’ (రకరకాల మనుషులున్న పుస్తకాలు కావాలి) అనే ఉద్యమమైంది. అప్పట్నించి ప్రచురణకర్తలు మేల్కొన్నారు, కొందరు మరీ ఎక్కువగా మేల్కొని నువ్వు చదివినలాంటివి అచ్చేయడం మొదలుపెట్టారు. అంతకుముందు సంగతి ఇంకా ఘోరం. 2009లో ‘లయర్’ అనే యంగ్ అడల్ట్ నవలలో కథ చెప్పే అమ్మాయి తనది నల్లజాతి అనీ, పొట్టి జుట్టనీ చెబుతుంది, అమెరికా ముద్రణ అట్ట మీద మాత్రం పొడవాటి జుట్టున్న తెల్లమ్మాయిని వేశారు. రచయిత్రే బయటికొచ్చి కాదంది, పాఠకులు తిట్టిపోశారు, అట్ట మార్చారు. లోపల హాజరున్నా అట్ట మీద ఆబ్సెంటు వేసేవాళ్లు అప్పట్లో.

ఇప్పుడు నీ పుస్తకానికి వద్దాం. నేను ఏ నవలకైనా ఒక పరీక్ష పెడతాను, దానికి మంగళవారం పరీక్ష అని పేరు. హీరో హీరోయిన్లు ఊళ్లో లేని ఒక మంగళవారం ఆ స్నేహితురాలు ఏం చేస్తూ ఉంటుంది? ‘హీరోయిన్ ఫోన్ కోసం ఎదురుచూస్తుంది’ అనే జవాబు తప్ప ఇంకేమీ తోచకపోతే ఆ పాత్ర హాజరు పట్టీలోదే. అలాక్కాకుండా డ్రైవింగ్ టెస్టులో మూడోసారి ఫెయిలైందనో, అన్నయ్యతో మాటల్లేవనో, వద్దు వద్దంటూనే ఒక చెత్త సీరియల్‌కి అతుక్కుపోయిందనో నీకు తెలిసిందనుకో, ఆ పిల్ల మనిషి. హిజాబ్ గురించి రచయిత ఒక్క పేజీ కూడా రాయనక్కర్లేదు. గాలి గట్టిగా వీచే రోజున పిన్ను నోట్లో పెట్టుకుని, ‘ఆగవే, వస్తున్నా’ అని పళ్ల మధ్యనించి అంటే చాలు.

ప్రశ్న: అక్కా, నేను నవల రాస్తున్నాను. నా హీరోకి పుట్టుకతో వినపడదు. హీరోయిన్ మాటలన్నీ పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. కరెంటు పోయిన గదిలో ఆమె అతని చెవి దగ్గరకి వంగి, ‘నువ్వంటే నాకిష్టం’ అని గుసగుసగా చెబుతుంది, అతను చీకట్లో నవ్వుతాడు. ఆ సీను పంపుతున్నాను, ఎలా ఉందో నిజం చెప్పండి.

జవాబు: వాక్యాలు బాగున్నాయి. కానీ అబ్బాయికి వినపడదు, గదిలో చీకటి, ఆమె నోరు అతని చెవి దగ్గరుంది. మరి ఆ మాట ఎవరికి వినపడింది?

కోప్పడకు, చాలామంది చేసే పొరపాటే. సినిమాల్లో చూసిన ప్రేమ సీను ఒకటి మన బుర్రలో తయారుగా ఉంటుంది, హీరో మారినా సీను మారదు. ముందు నువ్వొక పని చెయ్యి. అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రాకుండా, పాట, బాట, మాట అను. ఈ మూడింటికీ పెదవులు ఒక్కలాగే మూసుకుని తెరుచుకుంటాయి, అద్దంలో తేడా కనపడదు. ఇక క, గ లాంటివి నోటి లోపల వెనకాల పలుకుతాయి, అవి బయటికి కనిపించనే కనిపించవు. పెదవులు చూసి అర్థం చేసుకోవడమంటే సగం చూడటం, సగం ఊహించడం. ఎదురుగా మనిషి ఉండాలి, మొహం మీద వెలుతురు పడాలి, మీసం అడ్డం రాకూడదు, నలుగురూ ఒకేసారి మాట్లాడకూడదు. సాయంత్రానికి అలసిపోతారు. నీ హీరో రెండొందల పేజీల పాటు ఒక్క మాట కూడా పోగొట్టుకోకుండా చదివేస్తున్నాడంటే, క్షమించు, అతనికి వినపడుతోందన్నమాట.

ఇప్పుడు అదే గదిని ఇలా చూడు. కరెంటు పోయింది. అంతవరకూ ఇద్దరూ చేతులతో గలగలా మాట్లాడుకుంటున్నారు, దీపం ఆరగానే మాట తెగిపోయింది. ఆమెకి చీకటంటే భయం లేదు గానీ అతనితో మాట్లాడలేకపోవడం మొదటిసారి. ఫోన్ లైటు వేసి నేల మీద నిలబెడుతుంది, వెలుతురు కింద నుంచి పడి ఇద్దరి మొహాలూ దయ్యాల్లా ఉంటాయి, నవ్వొస్తుంది. చెప్పాల్సింది చేతులతో చెప్పాలి. ఒక చేత్తో ఫోన్ పట్టుకుంటే ఒంటిచేత్తోనే చెప్పాలి, అది తడబడుతుంది. ఫోన్ కింద పెట్టేసి రెండు చేతులూ ఖాళీ చేసుకుంటుంది. ఆ ఫోన్ కింద పెట్టడంలోనే ప్రేమంతా ఉంది, ఆ తర్వాత ఏం చెప్పిందో పెద్దగా రాయకపోయినా ఫరవాలేదు.

ఇంకా ఉంది. సైగల భాషలో మాట్లాడుకునేవాళ్లకి చూపు తిప్పుకోవడం అంటే వినడం మానేయడం. వీళ్లిద్దరికీ గొడవొచ్చిందనుకో, ఆమె ఏదో చెబుతుండగా అతను కళ్లు మూసుకుంటాడు. అంతే! మామూలు జంట గొడవలో తలుపు ధడాలున వేసుకున్నంత పని. ఇంత మంచి సరుకు నీ హీరో దగ్గరే పెట్టుకుని నువ్వు వెళ్లి గుసగుసలు అరువు తెచ్చుకున్నావు.

మరోటి, సైగల భాష ప్రపంచమంతా ఒకటే అనుకోకు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మాట్లాడేది ఇంగ్లీషే అయినా అక్కడి సైగల భాషలు వేరువేరు, ఒకరిది ఒకరికి అర్థం కాదు. అమెరికన్ సైగల భాషకి చుట్టరికం ఫ్రెంచి సైగల భాషతో. కాబట్టి నీ కథ ఏ దేశంలో జరుగుతోందో ముందు తేల్చుకో. రాయడం అయ్యాక వినికిడి లేని ఇద్దరు ముగ్గురి చేత చదివించు, ఊరికే కాదు, వాళ్ల టైముకి డబ్బులిచ్చి. వాళ్లు ‘ఇది తప్పు’ అంటే, ‘కానీ కథకి అవసరం’ అని వాదించకు.

ప్రశ్న: ఈ నవలలు మగపిల్లలు చదవొచ్చా?

జవాబు: ముందు చదువు, తర్వాత అడుగు.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయికి పదిహేనేళ్లు. పరుపు కింద ఒక నవల దాచుకుంది, చూస్తే అందులో ఇద్దరమ్మాయిలు ప్రేమించుకుంటారు. ఇలాంటివి చదివితే పిల్లలు అలా మారిపోతారా అని నాకు టెన్షన్‌గా ఉంది. తీసి పారేద్దామా?

జవాబు: పారేయకండమ్మా. మీకు ఆ చోటు తెలిసిందని తనకీ ఈపాటికి తెలిసే ఉంటుంది, పిల్లలు మనకంటే గట్టివాళ్లు. పుస్తకం మాయమైతే తనకి అర్థమయ్యేది ఒక్కటే, ఈ ఇంట్లో ఈ విషయం మాట్లాడకూడదని.

పుస్తకం చదివి ఎవరూ మారిపోరు. అమ్మాయీ అబ్బాయీ ప్రేమించుకునే నవలలు వందలకొద్దీ చదివి కూడా మారనివాళ్లు మారలేదు కదా. ఆ ప్రశ్న మనసులో లేని పిల్ల మామూలు ప్రేమకథలాగే చదివి పక్కన పెడుతుంది. ఉన్న పిల్లకి తను ఒంటరిది కాదని తెలుస్తుంది. రెండింటిలోనూ మీకొచ్చే నష్టం నాకు కనపడటం లేదు.

ఒక పాత సంగతి చెబుతాను. నాన్సీ గార్డెన్ రాసిన ‘యానీ ఆన్ మై మైండ్’ 1982లో వచ్చింది, ఇద్దరమ్మాయిల ప్రేమ. అంతకుముందు ఇలాంటి కథలు ఉంటే గింటే చివరికి ఎవరో ఒకరు చచ్చిపోవడమో, కారు ప్రమాదమో, ఏదో ఒక శిక్ష పడేది. ఈ పుస్తకంలో ఇద్దరూ కష్టాలు పడతారు గానీ చివరికి ఆశ మిగులుతుంది. అదే చాలామందికి నచ్చలేదు. 1993లో కాన్సాస్ సిటీలో ఆ పుస్తకాన్ని బహిరంగంగా తగలబెట్టారు, అక్కడికి దగ్గర్లోని ఒలేథా ఊరి స్కూళ్ల లైబ్రరీల్లోంచి తీయించేశారు. కొందరు విద్యార్థులూ తల్లిదండ్రులూ కోర్టుకెళ్లారు, 1995లో జడ్జి ఆ పుస్తకాన్ని మళ్లీ అల్మారాల్లో పెట్టించాడు. కోర్టుకెళ్లినవాళ్లలో తల్లిదండ్రులు కూడా ఉన్నారన్నది మీరు గమనించాలని చెబుతున్నాను.

అయితే మీ టెన్షన్ మొత్తం కొట్టిపారేయను. యంగ్ అడల్ట్ అని రాసి ఉన్నవన్నీ ఒకేలా ఉండవు, చేతులు పట్టుకోవడం దగ్గర ఆగేవి ఉన్నాయి, పడకగది దాకా వెళ్లేవీ ఉన్నాయి. అది అమ్మాయిల జంటైనా, అమ్మాయీ అబ్బాయైనా అంతే. కాబట్టి ముందు మీరు చదవండి. చదివాక ‘ఇలాంటివి ఎందుకు చదువుతున్నావ్’ అని మొదలుపెట్టకండి, అక్కడితో తలుపు మూసుకుపోతుంది. ‘ఆ రెండో పిల్ల మరీ మొండిది కదూ’ అనండి. ఒక గంట మాట్లాడుతుంది చూడండి.

ప్రశ్న: ఒక సమాజం గురించి ఆ సమాజంలో పుట్టినవాళ్లే రాయాలా? వేరేవాళ్లు రాస్తే తప్పా? మా పుస్తకాల గ్రూపులో దీని మీద కొట్టుకునేదాకా వచ్చింది.

జవాబు: కొట్టుకోకండి, ఈ కొట్లాట అమెరికావాళ్లు ముందే చేసేసి అలసిపోయారు.

2015లో కొరిన్ డైవిస్ అనే రచయిత్రి ‘ఓన్ వాయిసెస్’ అనే మాట వాడుకలోకి తెచ్చింది. పాత్ర ఏ వర్గానికి చెందుతుందో రచయిత కూడా అదే వర్గమైతే ఆ పుస్తకానికి ఆ గుర్తు. పాఠకులకి వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని, అంతే, అంతకుమించి ఆవిడ ఉద్దేశం లేదు. కానీ గుర్తు కాస్తా అమ్మకపు ముద్ర అయింది, ఆ తర్వాత పాస్‌పోర్టు అయింది. రాసినవాళ్లని నిలబెట్టి, నీకు ఈ జబ్బు నిజంగా ఉందా, నువ్వు ఎవర్ని ప్రేమిస్తావు, నిరూపించు అని అడగడం మొదలైంది. బెకీ ఆల్బర్టాలీ 2015లో ఒక గే అబ్బాయి ప్రేమకథ రాసింది, అది 2018లో సినిమా కూడా అయింది. నీకేం తెలుసని రాశావు అని ఏళ్ల తరబడి జనం ఆవిడ మీద పడ్డారు. చివరికి 2020లో ఆవిడ తాను బైసెక్సువల్ అని చెప్పుకోవాల్సి వచ్చింది, అదీ తనకి నచ్చిన పద్ధతిలో బయటపడటం కాదిది అని బాధపడుతూ. ఒకళ్ల గుండెలో మాటని లాగి బయటపెట్టించి మనం సాధించిందేమిటో నాకర్థం కాదు. 2021లో ‘వి నీడ్ డైవర్స్ బుక్స్’ వాళ్లే ఆ ముద్ర ఇక వాడబోమని చెప్పేశారు.

నా మాట అడిగితే, ఎవరైనా రాయొచ్చు, రాసినది తప్పైతే ఎవరైనా తిట్టొచ్చు. కాకపోతే ఒకటి. ఆ సమాజంలోనే పుట్టినవాళ్ల రాతప్రతి పక్కన పడేసి, బయటివాళ్లు రాసిన అదే కథకి పెద్ద అడ్వాన్సు ఇచ్చే ప్రచురణకర్త మీద నాకు కోపం. ఆ కోపం రచయిత మీద చూపించడం తేలిక కాబట్టి అందరం అటు వెళ్తున్నాం.

ప్రశ్న: నా నవలలో అమ్మాయి ఇంట్లో ఒక భాష, కాలేజీలో ఒక భాష మాట్లాడుతుంది. ఇంటి భాష మాటలకి పక్కన అర్థం రాయాలా?

జవాబు: వద్దు. అమ్మతో పోట్లాడుతున్న పిల్ల మధ్యలో ఆగి నిఘంటువు చెబుతుందా? ‘అమ్మమ్మ ఆ మాట అంటే తాత లేచి బయటికి వెళ్లిపోతాడు’ అని రాస్తే, ఆ మాట తెలియని పాఠకుడికి కూడా ఎంత పదునైనదో తెలుస్తుంది. ప్రేమకథలో ఇది ఇంకా బాగా పనికొస్తుంది. ఆమె తన ముద్దుపేరు అతనికి చెబుతుంది, అతను పలకలేక పలకలేక చెడగొడతాడు. మొదట సరిచేస్తుంది, రెండోసారి నవ్వుతుంది, ఆ తర్వాత సరిచేయడం మానేస్తుంది. ఏ అధ్యాయంలో మానేసిందో అక్కడే పడిపోయిందన్నమాట ప్రేమలో.

ప్రశ్న: వేరే దేశం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల కథల్లో అమ్మానాన్నలు ఎప్పుడూ విలన్లే. అరుస్తారు, గదిలో పెడతారు, చివరి పేజీలో ఏడుస్తారు. నిజంగా అంతేనా?

జవాబు: అంతే కాదు గానీ అలా రాయడం సులువు. ప్రేమకథకి అడ్డంకి కావాలి, రెడీమేడ్‌గా దొరికే అడ్డంకి నాన్న. అడ్డంకి ఎప్పుడూ సంప్రదాయమే, విముక్తి ఎప్పుడూ తెల్లబ్బాయే అయితే అది వైవిధ్యం కాదు, పాత కథకి కొత్త రంగు.

2017లో సంధ్యా మీనన్ రాసిన ‘వెన్ డింపుల్ మెట్ రిషి’ నాకు అందుకే నచ్చింది. ఇద్దరూ అమెరికాలోని భారతీయ కుటుంబాల పిల్లలే. ఇద్దరి అమ్మానాన్నలూ వీళ్లకి సంబంధం అనుకున్నారు, అబ్బాయికి ఆ సంగతి తెలుసు, ఇష్టమే కూడా. అమ్మాయికి తెలియదు, తను వెళ్లింది వేసవిలో కోడింగ్ నేర్చుకోవడానికి. అతను ఎదురుపడి కాబోయే భార్యని పలకరించినట్టు పలకరిస్తే, ఆమె చేతిలో ఉన్న ఐస్డ్ కాఫీ అతని మీద పోసి పారిపోతుంది. చూశారా, ఒకే రకమైన ఇళ్లు, ఇద్దరికీ కావాల్సినవి మాత్రం వేరు. ఒక సమాజం నుంచి ఒకే ఒక్క మనిషిని తెస్తే ఆ మనిషి వాళ్లందరికీ ప్రతినిధి అయి కూర్చుంటుంది, ఇద్దర్ని తెస్తేనే మనుషులవుతారు.

ఎస్. కె. అలీ రాసిన ‘లవ్ ఫ్రమ్ ఎ టు జెడ్’ (2019) ఇంకో దారి పట్టింది. ఇద్దరూ ముస్లింలే, ఇద్దరూ మతాన్ని ఇష్టంగా పాటిస్తారు, కథ ఎక్కువగా దోహాలో నడుస్తుంది. అడ్డం వచ్చేది మతం కాదు. అబ్బాయికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉందని తేలుతుంది, ఆ సంగతి నాన్నకి ఎలా చెప్పాలో తెలియక దాచుకుంటాడు. అమ్మాయి కోపం ముక్కు మీదే ఉంటుంది, అన్యాయం కనపడితే ఊరుకోదు. ఒకరిది లోపల దాచుకునే స్వభావం, ఒకరిది బయటికి కక్కేసే స్వభావం, పేచీ అక్కడ.

నాన్నని రాయాలంటే ఇలా రాయండి. కూతురు ఆలస్యంగా వస్తుంది. నాన్న ఒక్క మాట అనడు. గేటు చప్పుడయ్యాక మాత్రమే ఆయన గదిలో లైటు ఆరిపోతుంది. ఆ పిల్ల ఆ రాత్రి నిద్రపోలేదు. అరిస్తే హాయిగా పడుకునేది.

ప్రశ్న: చివరికి జంట కలవకపోతే అది ప్రేమ నవల కాదని మా అక్క అంటోంది. నిజమేనా? నాకు విడిపోయేవే నచ్చుతాయి.

జవాబు: మీ అక్కతో సగం ఒప్పుకుంటాను. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం పెట్టుకున్న నిర్వచనమే అది, ప్రేమే ప్రధాన కథ కావాలి, ముగింపు తృప్తినీ ఆశనీ ఇవ్వాలి. విడిపోయే కథలు బాగుండవని కాదు, ప్రేమ ఉన్న నవల అను, ప్రేమ నవల అనకు, తేలిపోతుంది.

కానీ పద్దెనిమిదేళ్ల వాళ్లని పట్టుకుని ‘కలకాలం సుఖంగా ఉన్నారు’ అని రాయడం నాకూ మింగుడు పడదు. అందుకే ఈ నవలల్లో ఎక్కువగా ‘ప్రస్తుతానికి సుఖంగా ఉన్నారు’ అనే ముగింపు ఉంటుంది. ఇద్దరూ వేరువేరు కాలేజీలకి వెళ్తారు, రైలు కదులుతుంది, రాత్రికి ఫోన్ చేస్తానంటాడు. చేస్తాడా లేదా అన్నది నీకూ మీ అక్కకీ ఓ పది రోజుల గొడవ. మంగళవారం పరీక్ష పెట్టి చూడండి, నా అంచనా అయితే చేస్తాడు, కాకపోతే ఛార్జింగ్ అయిపోయి పదకొండింటికి.